ఏ పనికి ఏ క్రేన్? బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా డిప్లొమా, బీటెక్ అయిపోయి ఇప్పుడిప్పుడే సైట్‌లో చేరినవాళ్ల కోసం. చేరిన నెలకే మేనేజర్ ఫోన్ చేసి "రేపు మెటీరియల్ వస్తోంది, ఒక క్రేన్ మాట్లాడు" అంటారు. ఏ క్రేన్ మాట్లాడాలి? అదే ఈరోజు చూద్దాం.

ముందు టన్నుల సంగతి. క్రేన్ మీద 14 టన్నులు అని రాసుంటే, ఎక్కడైనా 14 టన్నులు ఎత్తేస్తుందని చాలామంది అనుకుంటారు. అది బరువు క్రేన్‌కి బాగా దగ్గరగా, బూమ్ పొట్టిగా ఉన్నప్పటి లెక్క మాత్రమే. నిండు బిందెని నడుముకి ఆనించి మోయడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు కదా. ఇదీ అంతే. దూరం పెరిగేకొద్దీ ఎత్తే శక్తి పడిపోతుంది. ఆ దూరాన్ని రేడియస్ అంటారు. అంటే క్రేన్ తిరిగే సెంటర్ నుంచి హుక్ దాకా అడ్డంగా కొలిచే దూరం. ఏ రేడియస్‌లో, ఎంత బూమ్‌తో, ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టికే లోడ్ చార్ట్.

ఒక లెక్క చేద్దాం. 15 మీటర్ల ఎత్తున్న హాస్పిటల్ బిల్డింగ్ పైన 3 టన్నుల ఏసీ చిల్లర్ పెట్టాలి. క్రేన్ సెంటర్ గోడకి 5 మీటర్ల దూరంలో ఉంటుంది. చిల్లర్ కూర్చునే చోటు గోడ నుంచి లోపలికి 8 మీటర్లు. అంటే రేడియస్ 13 మీటర్లు. బరువు 3 టన్నులేనా? కాదు. హుక్ బ్లాక్, స్లింగులు, షాకిల్స్ కూడా కలపాలి. 3.5 టన్నులు అనుకుందాం. ఇక ఎత్తు చూడండి. బిల్డింగ్ 15, దానిమీద చిల్లర్, దానిపైన స్లింగులు, హుక్. బూమ్ కొన దాదాపు 24 మీటర్లకి వెళ్లాలి. అడ్డం, నిలువు రెండూ కలిపితే సుమారు 26 మీటర్ల బూమ్ కావాలి. బూమ్ పిట్టగోడకి తగలకుండా కూడా చూసుకోవాలి. అందుకే 3 టన్నుల వస్తువు కోసం 40, 50 టన్నుల క్రేన్ తెప్పించడం సైట్లలో మామూలే. "అంత పెద్దదెందుకు, డబ్బు దండగ" అని ఎవరన్నా అంటే ఈ లెక్క చూపించండి.

ఇప్పుడు రకాలు. మన ఊళ్లలో రోజూ కనిపించేది హైడ్రా. బరువు ఎత్తి, ముందు వేలాడదీసుకుని నడిచే బండి. లారీ నుంచి స్టీల్ దించడానికి, తక్కువ ఎత్తు పనులకి బాగుంటుంది. కానీ దీని బూమ్ చుట్టూ తిరగదు. పాత మోడళ్లలో డ్రైవర్‌కి ముందు దారి సరిగ్గా కనపడదు. అందుకే చాలా పెద్ద సైట్లలో వాటిని రానివ్వరు.

ఒకటి రెండు రోజుల పెద్ద లిఫ్ట్‌కి టైర్ల మీద వచ్చే టెలిస్కోపిక్ క్రేన్ సరైనది. రోడ్డు మీద వచ్చి, అవుట్‌రిగ్గర్లు వేసి, పని ముగించి వెళ్లిపోతుంది. నెలల తరబడి భారీ బరువులుంటే క్రాలర్ క్రేన్. గొలుసు పట్టాల మీద నడుస్తుంది కాబట్టి బరువు నేల మీద పరుచుకుంటుంది. కానీ దాన్ని ట్రైలర్ల మీద విడిభాగాలుగా తెచ్చి బిగించాలి. ఒక్కరోజు పనికి గిట్టుబాటు కాదు.

హైదరాబాద్ కోకాపేట వైపు లేచే టవర్లకైతే టవర్ క్రేనే. బిల్డింగ్‌తో పాటు అదీ పెరుగుతుంది. దాని పునాది బిల్డింగ్ ప్లాన్ దశలోనే అనుకోవాలి. రాత్రి పని ఆగాక దాని చెయ్యి గాలికి దానంతట అదే తిరగడం చూసే ఉంటారు. పాడైపోయి కాదు. గాలికి ఎదురు నిలిచి క్రేన్ మీద ఒత్తిడి పెరగకుండా కావాలనే అలా వదిలేస్తారు. పక్క బిల్డింగులు దగ్గరగా ఉండి తిరగడానికి చోటు లేకపోతే, చెయ్యి పైకి లేపుకునే లఫింగ్ రకం వాడతారు.

క్రేన్ సరైనదే, కానీ నేల? బూమ్ ఏ మూలకి తిరిగితే ఆ మూల అవుట్‌రిగ్గర్ మీద బరువులో చాలా భాగం పడుతుంది. నల్లరేగడి నేల ఎండాకాలంలో రాయిలా ఉంటుంది, ఒక్క వానకి మెత్తబడుతుంది. కొత్తగా పూడ్చిన మట్టి, సెప్టిక్ ట్యాంక్, డ్రైనేజీ పైపు మీద అవుట్‌రిగ్గర్ పెట్టనివ్వొద్దు. కింద మందపాటి చెక్క దుంగలో స్టీల్ ప్లేట్లో వేయించండి. పైకి కూడా చూడండి. కరెంట్ తీగలుంటే, తగలకపోయినా దగ్గరికెళ్తే చాలు, హై వోల్టేజ్ దూకుతుంది. లైన్ ఆఫ్ చేయించాకే పని.

బండి గేటు దగ్గరికి రాగానే నాలుగు అడగండి. లోడ్ చార్ట్ ఉందా? టెస్ట్ సర్టిఫికెట్ గడువులో ఉందా? ఆపరేటర్‌కి లైసెన్స్ ఉందా? ఎక్కువ బరువైతే హెచ్చరించే సేఫ్ లోడ్ ఇండికేటర్ పనిచేస్తోందా? ఆ అలారం గోల పెడుతోందని వైరు పీకేసిన బండి అయితే వెనక్కి పంపేయండి.

2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో లోడ్ టెస్ట్ జరుగుతుండగా 70 టన్నుల క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అది షిప్‌యార్డు క్రేన్, మన బిల్డింగ్ సైట్ క్రేన్ కాదు. కానీ క్రేన్ కూలితే కింద ఉన్నవాళ్లకి పరిగెత్తే టైమ్ ఉండదన్నది ఎక్కడైనా ఒకటే.

కాబట్టి లెక్క కుదరకపోతే "సార్, ఈ క్రేన్‌తో కాదు" అని చెప్పండి. కొత్తగా చేరినవాళ్లకి అది కష్టమే, తెలుసు. నోటి మాటగా కాకుండా లోడ్ చార్ట్ ఫొటో, మీ లెక్క రెండూ వాట్సాప్‌లో పంపండి. అంకెలు చూపిస్తే సీనియర్లు కూడా వింటారు. మీ సైట్‌లో వచ్చిన డౌట్ ఏదైనా ఉంటే బరువు, ఎత్తు, దూరం మూడూ రాసి కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో లోడ్ చార్ట్‌ని గడి గడిగా చదువుదాం. ఉంటాను ఫ్రెండ్స్, హెల్మెట్ మర్చిపోవద్దు.