కడుపులో పురుగులు: గుర్తు, పరీక్ష, మందు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులము కాము, ఉర్దూ మీడియం బడిపంతులము. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరితే కాదనలేకపోయాము. పిల్లవాడు పగలంతా మా కళ్ళ ముందే ఉంటాడు. బెంచీ మీద తల వాల్చేది ఎవరు, ఆటల గంటలో గోడకు ఆనుకుని కూర్చునేది ఎవరు, బలపం ముక్క నోట్లో వేసుకుని నమిలేది ఎవరు అన్నది పంతులుకు త్వరగా తెలుస్తుంది. అలాంటి బిడ్డను మనం సోమరి అంటాము, మొద్దు అంటాము. లేదా నజర్ తగిలిందని మిరపకాయలు దిగదుడుస్తాము. నిజానికి ఆ బిడ్డ రక్తాన్ని కడుపులో పురుగు తాగుతూ ఉండవచ్చును.

మన ఇళ్ళలో "పేట్ మేఁ కీడే" అని ఒక్క మాటతో సరిపెడతారు. కానీ కీడాలు అన్నీ ఒకటి కావు. ఏ పురుగో తెలుసుకుని మందు వేయాలి, అది మళ్ళీ వచ్చే దారి మూయాలి. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఇంతే.

మొదటిది ఏలికపాము. వానపాములా ఉంటుంది, 15 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆడ పురుగు రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో మట్టిలో కలిసి, కడగని కూరగాయల మీద, పిల్లల గోళ్ళ కింద చేరి తిరిగి నోటికే వస్తాయి. కడుపు ఉబ్బరం, నొప్పి, ఆకలి మందగించడం దీని గుర్తులు. పురుగులు ఉండగా పెరిగితే పేగుకే అడ్డు పడతాయి. అప్పుడు ఆపరేషన్ దాకా పోవచ్చును.

రెండవది కొంకిపురుగు. పొడవు ఒక సెంటీమీటరు మాత్రమే, కానీ అన్నిటికంటే దొంగ ఇదే. ఇది నోటి ద్వారా కాదు, ఉత్త కాళ్ళ చర్మం గుండా వస్తుంది. వైరా రిజర్వాయరు కింద తడి నేలలో, తోటల చాటున, జనం బహిర్భూమికి వెళ్ళే గట్ల మీద దీని పిల్లలు కాచుకుని ఉంటాయి. కాలి వేళ్ళ మధ్య దురదతో లోపలికి పోయి, ఊపిరితిత్తుల మీదుగా పేగు చేరి, గోడను కరచుకుని రక్తం తాగుతాయి. ఒక్క పురుగు తాగేది చుక్కలో భాగమే. వందల పురుగులు ఏళ్ళ తరబడి తాగితే మనిషి పాలిపోతాడు. ఆయాసం, కళ్ళు తిరగడం, మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపించడం రక్తం తగ్గిన గుర్తులు. ఎదిగే ఆడపిల్లకు నెలనెలా పోయే రక్తానికి ఇది తోడైతే ఆ పిల్ల చదువు ఏమవుతుందో ఆలోచించండి.

మూడవది తెల్లని దారం ముక్కలాంటి చిన్న నులిపురుగు. రాత్రిపూట ఆసనం వద్ద దురద పెట్టి పిల్లవాడిని నిద్రపోనివ్వదు. గోకిన చేతి నుంచి పక్కబట్టలకు, అక్కడి నుంచి ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

ఇవి కాక కంటికి కనబడని అమీబా, జియార్డియా అనే సూక్ష్మజీవులు ఉన్నాయి. జిగట రక్త విరేచనాలు అమీబా వల్ల కావచ్చును. నూనె తేలినట్టుండే దుర్వాసన విరేచనం, పొట్ట గడగడ జియార్డియా వల్ల కావచ్చును. ఇక బెల్లం, మిఠాయి తింటే పురుగులు పడతాయని మన నానీలు చెప్పేవారు. బెల్లంలో పురుగు పుట్టదు. గుడ్డు లోపలికి పోకపోయినా, కాలి గుండా పిల్లపురుగు దూరకపోయినా పురుగు లేదు.

ఇక పరీక్ష సంగతి. మల పరీక్ష అంటే సిగ్గుపడేవారు చాలామంది. రోగం దాచుకోవడం కంటే సిగ్గు ఏమున్నది? శుభ్రమైన పొడి డబ్బాలో, మూత్రం, నీళ్ళు కలవకుండా, చిన్న ఉసిరికాయంత తీసుకుని త్వరగా ల్యాబుకు చేర్చాలి. గుడ్లు ప్రతిరోజూ కనబడవు గనుక, ఒకరోజు "ఏమీ లేదు" అని రాసినంత మాత్రాన నిశ్చింత పడరాదు. వేరువేరు రోజుల్లో మూడుసార్లు చూపించడం మంచిది. చిన్న నులిపురుగుకు మాత్రం మల పరీక్ష సాధారణంగా పనికిరాదు. తెల్లవారగానే, బిడ్డను కడగక ముందే, అంటుకునే టేపు ముక్కను ఆసనం దగ్గర అద్ది, గాజు పలక మీద అంటించి ల్యాబులో చూపించాలి. దీంతోపాటు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి. 12 ఏళ్ళు దాటిన ఆడపిల్లకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే.

ఈ మధ్య పట్నాల్లో "ఫంక్షనల్ మెడిసిన్" అనే పేరు వినిపిస్తున్నది. లక్షణాన్ని కాదు, మూలాన్ని చూడాలి, పేగు బాగుంటే ఒళ్ళు బాగుంటుంది అన్నది వారి మాట. మాట చెడ్డది కాదు. కానీ ఆ పేరు మీద వేల రూపాయల డి.ఎన్.ఏ. మల పరీక్షలు, "పేగు శుద్ధి" పొడులు అమ్మేవారు ఉన్నారు. బ్లాస్టోసిస్టిస్ వంటి జీవులు ఆరోగ్యవంతుల కడుపులోనూ ఉంటాయి. కాగితం మీద పేరు కనబడగానే రోగం అనుకోరాదు. ఆ పొడులు తాగాక విరేచనంలో కనబడే పోగులు తరచుగా పురుగులు కానే కావు, జిగురూ అరగని పీచూ. అలసటకు థైరాయిడ్, చక్కెర వ్యాధి వంటి వేరే కారణాలూ ఉంటాయి. మూలం వెదకడానికి ముందు మన ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు గారిని కలిసి, సూక్ష్మదర్శినితో చూసే మామూలు పరీక్ష చేయించండి.

మందు విషయానికి వద్దాము. 2015 నుంచి దేశంలో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం జరుగుతున్నది. 1 నుంచి 19 ఏళ్ళ వారికి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తారు. రెండేళ్ళ లోపు బిడ్డకు 200 మిల్లీగ్రాములు, అంటే సగం మాత్ర, పొడి చేసి నీళ్ళలో కలిపి. ఆ పైవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, నమిలి మింగాలి. ఆ రోజు "మాస్టర్ సాబ్, మా పిల్లకు వద్దు" అనే తల్లిదండ్రులు ఉంటారు. మాత్ర వేశాక కొందరికి కాస్త కడుపునొప్పి, వాంతి రావచ్చును. పురుగులు ఎక్కువగా ఉన్నవారికి ఇది సహజం, కొన్ని గంటల్లో తగ్గుతుంది. జ్వరంతో ఉన్న పిల్లవాడికి ఆ రోజు వేయరు, తగ్గాక వేస్తారు. గర్భిణులు డాక్టరును అడగకుండా వాడరాదు, మొదటి మూడు నెలల్లో అసలే కూడదు.

అయితే ఆ ఒక్క మాత్ర సర్వరోగ నివారిణి కాదు. ఏలికపాముకు బాగా పనిచేస్తుంది. చిన్న నులిపురుగుకు ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకుని, రెండు వారాలకు మళ్ళీ వేసుకోవాలి. అమీబాకు, జియార్డియాకు వేరే మందులు, వేరే లెక్క. కొంకిపురుగు చచ్చినా పోయిన రక్తం దానంతటదే తిరిగి రాదు, ఐరన్ మాత్రలు కొన్ని నెలలు వాడాలి. మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఈ మాట మన చాయ్ ఇళ్ళలో గుర్తుంచుకోవాలి.

"మనం పంది మాంసం తినము, మనకు బద్దెపురుగు భయం లేదు" అనేవారికి ఒక మాట. ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు కూరగాయలకో, వంట చేసే చేతికో అంటితే ఎవరి కడుపులోకైనా పోతాయి. మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెస్తాయి. 1990 ప్రాంతంలో న్యూయార్క్ నగరంలో పంది మాంసం ముట్టని యూదు కుటుంబాల్లో ఈ జబ్బు బయటపడింది. ఫిట్స్ వచ్చేవారు డాక్టరుకు చెప్పకుండా పురుగుల మందు వేసుకోరాదు. సరిగా ఉడకని పెద్ద మాంసంతోనూ ఒక రకం బద్దెపురుగు వస్తుంది. కబాబు లోపల ఎరుపు మిగలరాదు.

ఖుర్బానీ రోజుల్లో మరొక జాగ్రత్త. గొర్రె కలేజీలోనో, ఊపిరితిత్తుల్లోనో నీటి బుడగల వంటి తిత్తులు కనబడితే కుక్కలకు వేయరాదు. అవి తిన్న కుక్క పేగులో పురుగులు పెరిగి, దాని మలం ద్వారా మన పిల్లలకు చేరి, మనిషి కాలేయంలో అవే తిత్తులు కడతాయి. లోతుగా గుంట తీసి పూడ్చాలని కసాయి సోదరులకు మనవి.

మళ్ళీ రాకుండా చేయడం మన చేతిలోనే ఉన్నది. వజూ చేసుకుంటాము కదా, ఇంకా సబ్బెందుకు అంటారు కొందరు. వజూ నమాజుకు. గోళ్ళ కింది గుడ్డు పోవాలంటే సబ్బు, రుద్దుడు, కత్తిరించిన గోళ్ళు కావాలి. చెప్పులు వేసుకోవాలి, నీళ్ళు మరగబెట్టుకోవాలి, ఆకుకూర రెండు మూడు నీళ్ళలో కడగాలి. ఇంటి మరుగుదొడ్డిని కట్టెలు పెట్టుకునే కొట్టుగా వాడరాదు. మిరప ఏరడానికి అడవి పల్లెల నుంచి వచ్చే కూలీలకు మరుగుదొడ్డి చూపించడం రైతుకు భారం అనుకోరాదు. ఆ నేల మీద నడిచేది మన పిల్లలే. పురుగుకు మతం లేదు, కులం లేదు.

ఇది అయ్యే పనేనా అని నిరాశ పడవద్దు. నారికురుపు సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కాలిలోంచి మూరెడు పురుగు దారంలా బయటికి వచ్చేది. దానికి మందు లేదు, టీకా లేదు. నీళ్ళను గుడ్డతో వడకట్టి, దిగుడు బావులను మూసి, మన దేశం దాన్ని వదిలించుకుంది. 1996లో రాజస్థాన్‌లో చివరి కేసు, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం. మందే లేని పురుగును మాపిన మనకు, ఉచితంగా మందు దొరికే పురుగు ఒక లెక్కా?

కాబట్టి మా మనవి. ఈ సంవత్సరం సంఘం తరఫున మన మొహల్లా ఆడపిల్లలందరికీ ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయిద్దాము. తక్కువ ఉన్నవారికి మల పరీక్ష చేయించి, మందు ఇప్పించి, మూడు నెలలకు మళ్ళీ చూద్దాము. ఆ పేర్లు రాసే పని మాకు అప్పగించండి, సంతోషంగా చేస్తాము.