నక్షత్రాల సీనియారిటీ జాబితా



గుమాస్తాగిరీ చేసినవాడికి గెలాక్సీలతో పనేమిటంటారేమో. ఉంది. ఆఫీసు సీనియారిటీ జాబితా చూస్తే ఏయే ఏళ్లలో నియామకాలు జరిగాయో, ఎప్పుడు నిషేధం పడిందో మనం ఇట్టే చెప్పేస్తాం. ఖగోళ శాస్త్రజ్ఞులు చేసేదీ అదే. పెద్ద నీలి నక్షత్రాలు కొన్ని కోట్ల ఏళ్లకే ఆరిపోతాయి. అవి కనబడలేదంటే ఈమధ్య కొత్త చేరికలు లేవన్నమాట. చిన్న ఎర్రనివి మనలాగే మిగిలి ఉంటాయి.

శర్మిష్ఠ రాశిలో ఎన్‌జీసీ 147, 185 అని రెండు మరుగుజ్జు గెలాక్సీలున్నాయి. దేవయాని అనే మహా గెలాక్సీకి అనుచరులు. 1944లో వాల్టర్ బాడే అమెరికాలోని 100 అంగుళాల టెలిస్కోపుతో వాటి నక్షత్రాలను విడివిడిగా గుర్తించారు. 2015లో హబుల్ చిత్రాలతో వయసులు తేల్చారు. 185లో సుమారు 70 శాతం నక్షత్ర సంపద 1250 కోట్ల ఏళ్లకు పూర్వపుది. 147లో అంత పాతది 40 శాతమే. మిగిలినదాంట్లో ఎక్కువభాగం 500 నుంచి 700 కోట్ల ఏళ్ల నాటిది.

విచిత్రమేమిటంటే, వయసు మళ్లిన 185 నడుమన ఇంకా కాస్త వాయువు, ధూళి ఉన్నాయి. 147 పూర్తిగా ఎండింది. వాయువు లేనిదే నక్షత్రం పుట్టదు. మనవైపు పక్కపక్క చెరువుల్లో ఒకదానికి ఊట ఉండి, రెండోది బీటలు వారినట్టు! 147కు ఇరువైపులా నక్షత్రాలు తోకల్లా సాగి ఉన్నాయి, 185కు లేవు. 147 దేవయానికి మరీ దగ్గరగా వెళ్లివచ్చి ఉంటుందని ఒక ఊహ. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఈ రెండూ కంటికి ఆనవు. దేవయాని ఆనుతుంది. కార్తీకం చివర, చంద్రుడు లేని రాత్రి 8 గంటలకు మిద్దె ఎక్కి ఉత్తరాన బాగా ఎత్తుకు చూడండి, మసక మరకలా ఉంటుంది. కళ్లద్దాలు మరవకండి.