చేత్తో తోసే విమానం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లివచ్చిన వారిని ఇక్కడ నాలుగు మాటలు చెప్పమనడం మన సంఘానికి అలవాటు. నయాగరా జలపాతం గురించీ, అక్కడి రోడ్ల గురించీ ఇదివరకే మిత్రులు చక్కగా చెప్పారు. నేను ఆ జోలికి పోను. ట్రెజరీలో బిల్లులు తనిఖీ చేస్తూ సర్వీసు వెళ్లబుచ్చినవాణ్ణి. నా కంటికి ఆనిన ఒక చిన్న సంగతి మనవి చేస్తాను. చిన్న విమానాన్ని నేల మీద ఎలా కదుపుతారు, ఎలా తోస్తారు, ఎలా కట్టేస్తారు అన్నదే ఆ సంగతి. ఆకాశంలో ఎగరడం సంగతి పైలట్లు చెప్పాలి.

మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్ రాష్ట్రంలో ఉంటారు. అల్లుడు, అతని స్నేహితులు ముగ్గురు వాటాలు వేసుకుని ఒక పాత సెస్నా 172 విమానం కొన్నారు. విమానం అనగానే మనకు వందల మంది ఎక్కే బోయింగ్ కళ్లముందు మెదులుతుంది. ఇది అలాంటిది కాదు. నలుగురు కూర్చునేది, ముందు ఒకే ప్రొపెల్లర్, రెక్కలు నెత్తి మీద, కింద మూడు చక్రాలు. ఈ రకం మొదటిసారి 1955లో ఎగిరింది. ఇప్పటివరకు 44,000కు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంకే విమానమూ ఇన్ని తయారు కాలేదట. రెక్కల ఈ చివరి నుంచి ఆ చివరికి 36 అడుగులు. పొడవు 27 అడుగులు. అంత ఆకారానికి ఖాళీ బరువు మాత్రం, మోడల్‌ను బట్టి, 800 కిలోల లోపే. మన పాత మారుతి 800 కారుకు కాస్త అటూ ఇటూగా ఉంటుందన్నమాట. చదునైన నేల మీద ఒక్క మనిషే దాన్ని కదపగలడు.

కదపక తప్పదు కూడా. దీనికి కారులా రివర్స్ గేరు లేదు. ప్రొపెల్లర్ ముందుకే లాగుతుంది. షెడ్డులోకి వెనక్కి పెట్టాలంటే మనుషులే తోయాలి. దాన్ని అక్కడ హ్యాంగర్ అంటారు.

తోయడంలోనే ఉంది కిటుకంతా. గట్టిగా కనబడే చోటల్లా గట్టిది కాదు. ఒళ్లంతా పల్చటి అల్యూమినియం రేకు. రెక్కల వెనక అంచున, తోక దగ్గర కదిలే పలకలుంటాయి. గాలిలో విమానాన్ని తిప్పేవి అవే. వాటి మీద చెయ్యి వేసి తోయకూడదు. ప్రొపెల్లర్ నడుమ టోపీలా ఉండే స్పిన్నర్‌నూ నెట్టకూడదు. ముందు చక్రానికి తగిలించే ఒక ఇనుపకడ్డీ ఉంటుంది. దాని పేరు టోబార్. దాంతో లాగాలి, దాంతోనే మలపాలి. ఆ మలపడానికీ హద్దుంది. ఇటు 30 డిగ్రీలు, అటు 30 డిగ్రీలు. అంతకు మించి తిప్పితే ముందు చక్రం తాలూకు భాగాలు దెబ్బతింటాయి.

నేను వెళ్లిన మొదటి రోజున అల్లుడు, "మామయ్యగారూ, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. ఏదీ ముట్టుకోవద్దు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పిల్లల దగ్గరికి వెళ్లిన మనందరికీ ఆ కుర్చీ పరిచయమే. వంటింట్లో ఏదీ ముట్టుకోవద్దు, పొయ్యి వెలిగించొద్దు, తలుపు తీయొద్దు. నాలుగు వారాలయ్యేసరికి మనిషికి తాను ఎందుకున్నానో తెలియకుండా పోతుంది.

రెండో వారంలో స్నేహితుడొకడు రాలేదు. హ్యాంగర్ తలుపు వెడల్పు 40 అడుగులు. రెక్కలు 36 అడుగులు. అంటే చెరొకవైపు రెండేసి అడుగులే చోటు. రెక్క చివర నిలబడి, గోడకు తగలకుండా చూసే మనిషి కావాలి. అలా నాకు ఉద్యోగం దొరికింది. "ఆగు" అని అరిస్తే ఎవరైనా సరే, ఎందుకని అడగకుండా ఆగిపోవాలి. ఇదే నియమం. రెక్కలు చూస్తూ తోకను మరిచిపోకూడదు. వెనక్కి వెళ్లేటప్పుడు గోడ దాకా ముందు చేరేది తోకే. అందుకే చక్రం ఎక్కడ ఆగాలో నేల మీద రంగుతో గీత గీసి ఉంచారు.

ఇక అసలు సంగతి. ఒక శనివారం ఉదయం అల్లుడు విమానాన్ని బయటికి లాగాడు. అంతలో ఫోన్ మోగింది. మాట్లాడుతూనే చుట్టూ తిరిగి చూశాడు, పెట్రోలు చూశాడు, ఎక్కి కూర్చున్నాడు. నేను మనవరాలి చెయ్యి పట్టుకుని దూరంగా పసుపు గీత వెనక నిలబడ్డాను. నా కళ్లు ముందు చక్రం మీద పడ్డాయి. ఎర్రరంగు టోబార్ దానికే తగిలించి ఉంది, సరిగ్గా ప్రొపెల్లర్ కింద. నేను ముందుకు పరుగెత్తలేదు. ప్రొపెల్లర్ వైపు ఎవరూ పోకూడదు గదా. ఉన్నచోటనే రెండు చేతులూ పైకెత్తి, "ఆగు" అని గొంతు పగిలేలా అరిచాను. తాళం మీదున్న చెయ్యి తీసేసి కిందికి దిగాడు. కడ్డీ చూసి ముఖం పాలిపోయింది.

ఇంజన్ తిరిగి ఉంటే ప్రొపెల్లర్ ఆ కడ్డీని కొట్టేది. కడ్డీ ఎటు ఎగిరి ఎవరికి తగిలేదో చెప్పలేం. పసిపిల్ల అక్కడే ఉంది. ప్రొపెల్లర్ అలా దేనికైనా తగిలితే ఇంజన్ మొత్తం విప్పి పరీక్షించాలని తయారీదారులు చెబుతారు. ఆనాటి నుంచి నలుగురు భాగస్తులూ ఒక నియమం పెట్టుకున్నారు. టోబార్ విమానానికి ఉన్నంతసేపూ చెయ్యి దాని మీదే ఉండాలి. చెయ్యి తీయాలంటే ముందు కడ్డీ ఊడదీయాలి. ఫోన్ వచ్చినా సరే, దేవుడు పిలిచినా సరే.

ప్రొపెల్లర్ గురించి ఇంకొక మాట. తాళం తీసేసినా అది బతికే ఉందనుకోవాలి. ఈ ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చేది బ్యాటరీ కాదు, మాగ్నెటో అనే యంత్రం. తాళం ఆపితే ఒక తీగ ద్వారా అది పనిచేయకుండా పోతుంది. ఆ తీగ తెగితే తాళం ఆపినా మాగ్నెటో పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు చేత్తో ప్రొపెల్లర్ కదిపినా ఇంజన్ ఒక్కసారి ఉలిక్కిపడి తిరగవచ్చు. ఆగిపోయినా బతికున్నట్టు లెక్క దానికి. మనకేమో బతికున్నా, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తేనే బతికున్నట్టు లెక్క! (నవ్వులు)

నేల మీద ఇంజన్‌తో నడిపేటప్పుడు మనిషి చురుగ్గా నడిచేంత వేగమే. చేతిలో చక్రం ఉంటుంది గాని, దాన్ని తిప్పితే విమానం మలుపు తిరగదు. కాళ్లతో పెడల్స్ తొక్కి తిప్పాలి. బ్రేకులూ ఆ పెడల్స్ మీదే, కుడికి వేరు, ఎడమకు వేరు. మరి చేతి చక్రం ఎందుకంటే గాలి కోసం. ఎదురు పక్క నుంచి గాలి వస్తే చక్రాన్ని గాలి వైపు తిప్పి ఉంచుతారు. వెనక పక్క నుంచి వస్తే గాలికి అవతలి వైపు తిప్పి, ముందుకు నెట్టి ఉంచుతారు. లేకపోతే గాలి రెక్క కిందికి దూరి పైకి లేపుతుంది. తేలికపాటి ప్రాణి గదా.

ఆరుబయట ఉంచితే కట్టేయాలి. గాటిలో గొడ్డును కట్టినట్టే. రెండు రెక్కలకూ, తోకకూ కొక్కేలుంటాయి. ఒక్కొక్క తాడు సుమారు 320 కిలోల లాగుడుకు ఆగాలి. నారతాడు తడిస్తే బిగుసుకుంటుంది గనుక ఒక అంగుళం వదులు ఉంచుతారు. నైలాన్ తాడు మేలు. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెడతారు. గాలికి పలకలు కొట్టుకోకుండా లోపల చక్రానికి ఎర్రగుడ్డ కట్టిన చీల వేస్తారు. ఎగిరే ముందు అది తీయాలని గుర్తు చేయడానికే ఆ ఎర్రగుడ్డ.

మిత్రులారా, ఇందులో మనకు కొత్తది ఏముంది? బిల్లు ఒకరు రాస్తే ఇంకొకరు కూడి చూసేవాళ్లం. రాసినవాడి మీద అనుమానంతో కాదు. రాసినవాడి కన్ను తాను రాసిందే చూస్తుంది, మరిచిపోయిందాన్ని చూడదు. పక్కవాడి కన్ను చూస్తుంది. ఆ కన్ను మనకు రిటైరు కాలేదు.

మన ఇళ్లలో విమానాలు లేవు. కార్లున్నాయి. అబ్బాయి సందులో కారు వెనక్కి తీస్తుంటే మనం నిలబడి "రానియ్, రానియ్" అంటాం. ఆ పని చిన్నది కాదు. కారుకు సరిగ్గా వెనక కాక, అద్దంలో అతనికి కనబడేలా పక్కన నిలబడండి. పిల్లల చేతులు పట్టుకోండి. "ఆగు" అంటే ఆగి తీరాలని ముందే మాట తీసుకోండి. మిమ్మల్ని కుర్చీలో కూర్చోమంటే, ఆ కుర్చీని అంతా కనబడే చోట వేయించుకోండి.