సంతకానికి ముందు చదివి వినిపించండి

ఈరోజు చదువు ముగించి పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు.

రేపో ఎల్లుండో మీ ఊరి రచ్చకట్ట దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు: "సదువుకున్నోడివి కదప్పా, సోలారోళ్లు బూములు అడుగుతా ఉండారు, ఇయ్యొచ్చునా?" ఆ ప్రశ్నకు మీరెలా జవాబు చెబుతారన్నదే ఈ కోయిలకుంట్ల సభలో నేను మాట్లాడదలచిన విషయం.

గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అప్పటికి ప్రపంచంలోని అతి పెద్ద పార్కుల్లో అదొకటి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన క్లీన్ ఎనర్జీ విధానం లక్ష్యం 160 గిగావాట్లు. సామర్థ్యంలో గని పార్కులాంటివి 160 అన్నమాట. ఎండా, గాలీ మెండుగా ఉన్న మన సీమ మీదే అందరి చూపూ. ఇంత పెద్ద మార్పు గురించి ఊరికి అందుతున్నవి మాత్రం ఒకవైపు రంగుల ఫ్లెక్సీలు, మరోవైపు వాట్సాప్ పుకార్లు.

గాలిమరలు మబ్బులను తరిమేస్తాయన్న మాట మీరూ వినే ఉంటారు. నవ్వకండి. వాన కోసం ఏడాదంతా మొగులు చూసే రైతు భయం అది. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే కురిసిపోతాయి గనుక ఈ నేలకు వాన తక్కువని, గాలిమరలు పుట్టకముందూ ఇక్కడ కరువులున్నాయని నిదానంగా చెప్పండి.

"పొద్దు గూకినాక కరెంటు యాడిది?" అని అవ్వ అడిగితే, ఇంజనీర్లను వేధించే ప్రశ్న కూడా అదేనని చెప్పండి. జవాబు పాణ్యం మండలం పిన్నాపురంలో ఉంది. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లను పై రిజర్వాయర్‌కు ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎక్కించడానికి వంద యూనిట్లు పడితే తిరిగి వచ్చేది ఎనభై లోపే. ఆ తరుగూ దాచకండి.

ఇంట్లో అయితే కరెంటు బిల్లు ముందు పెట్టుకుని కూర్చోండి. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ కింద 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. మిగతాది బ్యాంకు అప్పు. నెలకు కంతు ఎంత, బిల్లులో తగ్గేదెంత అన్నది పక్కపక్కన రాసి చూపించండి. నెలకు అరవై యూనిట్లే కాలే ఇంటికి మూడు కిలోవాట్లు దండగ. మిద్దె మీద వేపచెట్టు నీడ పడినా, ప్యానెల్ మీద దుమ్ము తుడవకపోయినా కరెంటు తగ్గుతుంది. అమ్మేవాళ్లు ఇవి చెప్పకపోవచ్చు, మీరు చెప్పాలి.

భూమి మాటకొస్తే లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈ నేల మీద హక్కులు పోగొట్టుకున్నవాళ్ల కోపమే 1846లో తెల్లదొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచింది. ఆయనను 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసింది ఈ కోయిలకుంట్లలోనే. కరెంటు కోసం వచ్చేవాళ్లు తెల్లదొరలు కారు. బొగ్గు మీద భారం తగ్గాలి, సోలార్ రావాలి, నేనూ కోరుకుంటాను. అయితే పాతికేళ్ల లీజు రాస్తే కౌలు డబ్బు పాసుపుస్తకం ఉన్నవాడికి అందుతుంది. అదే చేలో పప్పుశనగ వేసిన కౌలురైతు సంగతేమిటి? కలుపుకొచ్చే కూలీ, బీడులో జీవాలు మేపుకునే కాపరి ఏం తినాలి? గడువు తీరాక దిమ్మెలు పెకలించి పొలాన్ని సాగుకు తెచ్చే ఖర్చు ఎవరిది? ఇవి అడిగినవాడు అభివృద్ధికి అడ్డం కాదు. ఇప్పుడు అడగకపోతే రేపు గొడవలొస్తాయి, మంచి పనికీ చెడ్డపేరొస్తుంది.

అందుకని మీకు నా మనవి ఒక్కటే. మీ ఊరికి ఒప్పందం కాగితం వచ్చినప్పుడు, వేలిముద్ర పడకముందే పదిమందిలో కూర్చుని దాన్ని తెలుగులో గట్టిగా చదివి వినిపించండి. లాభం ఎంతో, నష్టం ఎంతో రెండూ చెప్పండి. తెలియనిది తెలియదనండి, కనుక్కొచ్చి చెప్పండి. ఊరు మిమ్మల్ని నమ్ముతుంది, ఆ నమ్మకం నిలబెట్టుకోండి.