దమ్ మారో దమ్: ఒక పాట, తర్వాతి రూపాలు

'దమ్ మారో దమ్' 1971లో దేవానంద్ తీసిన 'హరే రామ హరే కృష్ణ' చిత్రంలోని పాట. ఆనంద్ బక్షీ రాయగా ఆర్.డి. బర్మన్ స్వరపరిచారు, ఆశా భోంస్లే పాడారు. కాఠ్మాండూలో మత్తులో తిరిగే హిప్పీల మధ్య జీనత్ అమన్ మీద చిత్రీకరించారు. పాశ్చాత్య దేశాల్లో అప్పటికే పేరున్న సైకెడెలిక్ రాక్ పోకడలు ఇందులో స్పష్టంగా వినిపిస్తాయి. భూపీందర్ సింగ్ గిటారు మోగగానే చెవి అటే తిరుగుతుంది. ఆ చిన్న స్వరఖండం మళ్ళీ మళ్ళీ వస్తూ వినేవారిని తనలోకి లాక్కుంటుంది. బృందగానం దానికి భజన ఛాయ తెచ్చింది. మాదకద్రవ్యాల కీడు చెప్పడానికే సినిమా తీసినా, జనం పట్టుకున్నది మాత్రం ఈ పాటనే.

1972 బినాకా గీత్‌మాలా రేడియో కార్యక్రమం వార్షిక జాబితాలో ఇదే మొదటి పాట. ఆశాకు ఫిల్మ్‌ఫేర్ బహుమతీ వచ్చింది. ఆ రోజుల్లో గీత్‌మాలా వినాలంటే రేడియో సిలోన్ షార్ట్‌వేవ్ పట్టుకోవాల్సిందే.

2005లో అమెరికాకు చెందిన క్రోనోస్ క్వార్టెట్ ఈ పాటను వయొలిన్లు, వయోలా, చెల్లోల మీదికి తెచ్చింది. డెబ్బై దాటిన ఆశాయే మళ్ళీ పాడారు. మూలాన్ని అనుకరించకుండా గౌరవించిన ప్రయత్నాల్లో ఇది మేలైనది.

2011లో రోహన్ సిప్పీ ఇదే పేరుతో సినిమా తీశారు. అందులో ప్రీతమ్ పాత పల్లవిని ఉంచుకుని, జైదీప్ సాహ్నీ రాసిన కొత్త చరణాలను క్లబ్ దరువు మీద నడిపించారు. అనుష్కా మన్‌చందా పాడగా దీపికా పదుకొణె నర్తించారు. ఊపు పెరిగింది గానీ, మొదటి పాటలోని మగత తగ్గింది.