పెరటి చెట్టు ఎవరిది?



భిలాయి అనగానే కొలుములూ, కరిగిన ఇనుమూ, రైలు పట్టాలూ స్ఫురిస్తాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ ఉక్కు కర్మాగారపు మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నలుమూలల నుంచి వచ్చిన కార్మికులతో బాటు తెలుగువారూ ఇచ్చట స్థిరపడినారు. క్వార్టర్ల పెరళ్ళలో మామిడి, మునగ, కరివేపాకు పెంచుకున్నారు. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు ఇంటి ముందే దొరికే పారిశ్రామిక నగరాలు దేశంలో ఎన్ని ఉన్నవి?

చెట్టు పెద్దదైనకొద్దీ చిక్కులూ పెరుగుతవి. వేళ్ళు గోడను పగులదీస్తాయి. కొమ్మలు విద్యుత్తు తీగలను తాకుతాయి. అప్పుడు గొడ్డలి వైపు చూపు పోతుంది. అయితే ఆ చెట్టు ఎవరిది? నాటినవారిదా, నేల యజమానిదా, దాని నీడన నడిచే బాటసారిదా?

కర్మాగారపు క్వార్టరు విషయంలో జవాబు సులభమే. నీరు పోసిన చేయి ఎవరిదైనా నేల సంస్థది. చిక్కంతా సొంత భూములలోనే. 1959 నాటి మధ్యప్రదేశ్ భూమి రెవిన్యూ స్మృతి, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన పిమ్మట ఈ రాష్ట్రానికీ సంక్రమించినది. కమతంలోని చెట్లు భూమిస్వామివే అని 179వ సెక్షను చెబుతూనే, 240, 241 సెక్షన్లకు లోబడి అని ముడి వేసినది. నరికివేత ప్రజాహితానికి భంగకరమని తోచినా, నేలకోతను అరికట్టవలసి వచ్చినా, ప్రైవేటు భూమిలోని చెట్లపై సైతం ప్రభుత్వం ఆంక్ష విధించవచ్చునని 240వ సెక్షను సారాంశం. ఒక చేత ఇచ్చి, రెండవ చేత కొంగు పట్టుకోవడమే ఇది!

ఈ జాగ్రత్త ఎందుకో బస్తరు చెబుతుంది. అక్కడ 'మాలిక్ మక్బూజా' పేరిట, ఆదివాసుల సొంత భూములలోని విలువైన చెట్లను వ్యాపారులు కారుచౌకగా కాజేసిన వ్యవహారం 1990వ దశకంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. 1999లో ఆదివాసుల చెట్ల హక్కులకు ప్రత్యేక రక్షణ చట్టం వచ్చినది. అనుమతి యజమాని కాళ్ళకు సంకెల అని గొణిగేవారు ఈ ఉదంతం గమనించాలి. అమాయకునికి అదే డాలు.

పట్టణాల చెట్లకు మహారాష్ట్ర 1975లోనే శాసనం చేసినది. మరుసటి ఏడు కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం తెచ్చినది. మధ్యప్రదేశ్ నగర వృక్ష చట్టం 2001 నాటిది. అప్పటికే రాష్ట్రం విడిపోయినందున అది భిలాయికి వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెట్టుకే గాక కొమ్మకు కూడా ముందస్తు అనుమతి కోరుతుంది. కొమ్మ మీద కూడా ఇంత పట్టింపా అని నవ్వుకోనక్కరలేదు. ఎండుకొమ్మను తొలగించడం వేరు. పచ్చని చెట్టును తలంతా నరికి మోడు చేయడం వేరు. అట్టి గాయాలలో తెగులు చేరి, చెట్టు క్రమంగా కూలుతుంది.

నియమానికీ ఒక బలహీనత ఉన్నది. తొలకరి గాలికి ఇంటిమీద ఒరుగుతున్న చెట్టు దరఖాస్తు మీద సంతకం పడేదాకా ఆగదు. ప్రమాదకరమైన చెట్టుకు వెంటనే, పచ్చని చెట్టుకు ఆచితూచి జవాబు ఇచ్చే కార్యాలయం కావాలి. లేనిచో ప్రజలు దొంగదారి వెదుకుతారు. కాండం చుట్టూ బెరడు ఒలిచివేసినా, మొదలు చుట్టూ సిమెంటు పోసి ఊపిరాడనీయకపోయినా, గొడ్డలి చప్పుడు లేకుండానే చెట్టు చస్తుంది. అటుపిమ్మట ఎండిన చెట్టును తీసివేయడానికి దరఖాస్తు పెడతారు; అనుమతీ ఇట్టే వస్తుంది.