విదేశ పాఠశాలలలో ఉపాధ్యాయ వృత్తి



మన చుండూరు ప్రాంతపు విద్యావంతులకు విదేశములనుండి ఉపాధ్యాయ పదవులు లభించుట సంతోషకరమే. కాని అపాయములను విచారింపక బయలుదేరుట తగదు.

లిబియాను వీడి రండని మన ప్రభుత్వము 2014లోనే హెచ్చరించెను. 2015 జూలైలో అచ్చటి సిర్తే విశ్వవిద్యాలయమున బోధించుచుండిన నలుగురు భారతీయులు స్వదేశమునకు మరలుచు త్రోవలో అపహరింపబడిరి. కర్ణాటకమువా రిద్దరు కొలది దినములకే విడుదలైరి. తెలుగువా రిద్దరు, శ్రీకాకుళము జిల్లావా రొకరు, కరీంనగరమువా రొకరు, 2016 సెప్టెంబరు వరకు చెరలోనే యుండిరి. ఏడాదికి పైగా ఆ యిండ్లవారు పడిన వేదన చెప్ప నలవి కాదు.

యుద్ధము లేనిచోటను మోసము కలదు. అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలలు తాము భరింపవలసిన వీసా రుసుములను విదేశోపాధ్యాయులచే కట్టించినందున, 2011లో వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు సుమారు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లింప నంగీకరింపవలసివచ్చెను.

కావున జీతము, బస, తిరుగు ప్రయాణపు ఖర్చు ఒడంబడికలో చూడక సంతకము చేయరాదు. 1983 నాటి వలసల చట్టము క్రింద నమోదు కాని దళారిని నమ్మి పొలము కుదువబెట్టరాదు. పాస్‌పోర్టును పరుల వశము చేయరాదు.

బయలుదేరువారి పత్రములను ముందుగా పరిశీలించుటకు మన సంఘము అనుభవజ్ఞులతో ఒక ఉపసంఘమును నియమింపవలెనని ఈ మహాసభను ప్రార్థించుచున్నాను.